ప్రశ్న అడిగాక

టీచర్ ట్రైనింగ్ కాలేజీలో మా ఫిజిక్సు బ్యాచ్ అంటే గుప్పెడుమందిమి. అందులో అందరికంటే వయసులో పెద్దది అనౌన్సరక్క. ఆ పేరు మేం పెట్టిందే. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప వినిపించేది కాదు. కాలేజీకి రాకముందు ఆవిడ బస్‌స్టేషన్లో అనౌన్సరు. ఫలానా బస్సు ఫలానా ప్లాట్‌ఫారం మీద బయలుదేరడానికి సిద్ధంగా ఉంది అంటూ నెత్తిమీద నుంచి ఒక గొంతు వినిపిస్తుంది చూశారూ, ఆ గొంతు ఆవిడది.

మొదటిరోజు ఒక్కొక్కరినీ లేచి పరిచయం చేసుకోమన్నారు. ఆవిడ లేచి తన పేరు, చదివిన డిగ్రీ, ఫిజిక్సు టీచరు కావాలన్న కోరిక చెప్పింది. చెప్పి, ఊపిరి తీసుకుని, అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ మొదటినుంచి చెప్పింది. క్లాసంతా పగలబడి నవ్వింది. నేనైతే బల్ల మీద తలపెట్టుకుని మరీ నవ్వాను. వీళ్ళకేమొచ్చింది అన్నట్టు ఆవిడ అటూ ఇటూ చూసి కూర్చుంది. పక్కసీటు నాదే.

"ఏదైనా రెండుసార్లు చెప్పాలి తమ్ముడూ. మొదటిసారి ఎవ్వరూ వినరు" అంది, అదేదో నాకూ పనికొచ్చే కిటుకులాగా.

నా సంగతీ చెప్పాలి. నేను అంతకుముందు ఇంటింటికీ తిరిగి నీళ్ళ ఫిల్టర్లు అమ్మినవాణ్ణి. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ తిట్టని రోజు లేదు. ఎదుటివాళ్ళ మాట పూర్తికాకముందే మిగతా సగం నేనే అందుకుంటాను. మా ఇద్దరికీ కుదిరింది అందుకేనేమో. కాకపోతే నాకు మాట్లాడుకోవడానికి ఇంటినిండా జనం. ఆవిడ తల్లి పోయాక ఒక్క గదిలో ఒక్కతే ఉంటోంది. పెళ్ళెందుకు చేసుకోలేదని మా బ్యాచ్‌లో ఒకమ్మాయి అడిగితే, "కుదర్లేదు, కుదిరుంటే చేసుకునేదాన్నేలే, ఇప్పుడు బాధేం లేదులే" అని ఆ అమ్మాయి అడగబోయే తర్వాతి ప్రశ్నలకి కూడా జవాబులు కలిపి చెప్పేసింది. ఆవిడకున్నది ఒక్క తమ్ముడు. వేరే ఊళ్ళో పెళ్ళాం పిల్లలతో ఉంటాడు.

ఆవిడ ఉద్యోగం ఎలా పోయిందో విన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక వారంపాటు ఆవిడచేత అంకెలన్నీ, ఊళ్ళ పేర్లన్నీ, 'సిద్ధంగా ఉంది', 'ఆలస్యంగా నడుస్తోంది' లాంటి ముక్కలన్నీ విడివిడిగా చదివించి రికార్డు చేసుకున్నారట. మధ్యమధ్యలో మంచినీళ్ళిచ్చి, గొంతు బాగుందని మెచ్చుకుని మరీ చదివించారట. ఆ ముక్కల్ని అతికించి పలికే మిషను రాగానే, ఇక మీరు రానక్కర్లేదన్నారు. గొంతుకి మాత్రం ఉద్యోగం ఉంది.

"నీ గొంతు పెట్టి నిన్నే గెంటేశారు కదక్కా!" అన్నాను.

"గెంటలేదు పాపం, టీ ఇచ్చి పంపించారు" అంది.

ఆ బస్‌స్టేషను మా కాలేజీ దారిలోనే ఉంది. మేమందరం అందులోంచి అడ్డంగా నడిచి వచ్చేవాళ్ళం. ఆవిడ మాత్రం చుట్టుతిరిగి వెనకవీధిలోంచి వచ్చేది. ఒకరోజు కుండపోతగా వాన పడితే వేరే దారిలేక నాతోపాటు షెడ్డు కింద నిలబడింది. పైన స్పీకర్లో ఆవిడే మాట్లాడుతోంది, పక్కన ఆవిడే తడిసి ముద్దై నిలబడింది. చుట్టూ అంత జనం ఉన్నారు, ఒక్కరూ తలతిప్పి చూడలేదు. చూడడానికి వాళ్ళకేం తెలుసు! ఆవిడ రుమాలుతో తల తుడుచుకుంటున్నట్టు చెవులు రెండూ మూసుకుంది.  

చదువు మీద మాత్రం ఆవిడ ప్రాణం పెట్టింది. డిగ్రీ అయ్యి యుగాలైంది, సూత్రాలన్నీ తుప్పుపట్టి ఉన్నాయి. లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని పాఠాలు పైకి చదువుకునేది, అదీ అనౌన్సుమెంటు బాణీలో. కాంతి వక్రీభవనం కూడా ఏ ప్లాట్‌ఫారం మీదకో వస్తున్నట్టే ఉండేది వింటుంటే. లైబ్రేరియను వచ్చి మందలిస్తే గొంతు తగ్గించేది, కాసేపటికి ఆ గొంతు మళ్ళీ లేచేది. పరీక్షలన్నీ గట్టెక్కింది. మార్కులు చూసి ఎవరూ చప్పట్లు కొట్టలేదు గానీ, ఎక్కడా తప్పలేదు.

అసలు గండం పరీక్షలు కాదు, పాఠం. టీచరు లైసెన్సు చేతికి రావాలంటే ఒక బడికి వెళ్ళి, నిజం పిల్లల ముందు, బయటినుంచి వచ్చిన పరీక్షకుడు చూస్తుండగా ఒక పాఠం చెప్పి నెగ్గాలి. రెండు అవకాశాలిస్తారు. రెండూ పోతే చదివిందంతా నీళ్ళపాలే. మళ్ళీ కోర్సులో మొదటినుంచి చేరాలి. ఆ వయసులో ఆవిడని మళ్ళీ ఎవరు చేర్చుకుంటారు? చేర్చుకున్నా ఆవిడకి ఓపికెక్కడిది? ఈ లైసెన్సు తప్ప ముందు ఇంకేం కనపడటంలేదని ఆవిడే నాతో అంది, రెండుసార్లు.

ఆవిడకి పడిన పాఠం వేడి ఏ వస్తువులోంచి త్వరగా పాకుతుంది అన్నది. అందులో ప్రయోగం ముచ్చటగా ఉంటుంది. ఒక స్టీలు పలక, ఒక చెక్క పలక, రెండూ ఒకే గదిలో చాలాసేపుగా ఉన్నవి. ముట్టుకుంటే స్టీలు చల్లగా, చెక్క వెచ్చగా తగులుతాయి. రెండింటి మీదా చెరో మంచుముక్క పెడతాం, ఏది ముందు కరుగుతుందో చెప్పండి అని పిల్లల్ని అడగాలి. చెక్క మీదిదే అంటారు దాదాపు అందరూ. పెద్దవాళ్ళూ అదే అంటారు. తీరా పెట్టి చూస్తే స్టీలు మీదిది గబగబా కరిగిపోతుంది. వేడిని మంచుకి అందించడంలో స్టీలుది చురుకు, చెక్కది బద్ధకం. పిల్లలు ముందు తప్పు చెప్పాలి, తర్వాత నోళ్ళు వెళ్ళబెట్టి చూడాలి, అప్పుడు కారణం చెప్పాలి. ఆ పాఠంలో మజా అంతా అక్కడే ఉంది.

మొదటి అవకాశం రోజు నేను గుమ్మం బయట నిలబడి చూశాను. అనౌన్సరక్క పిల్లల ముందు నిలబడి, అంత చక్కని గొంతుతో, "ఏ పలక మీద మంచు ముందు కరుగుతుంది? స్టీలు పలక మీద మంచు ముందు కరుగుతుంది" అంది. గుక్క తిప్పుకోలేదు. ముందు బెంచీలో ఒకడు చెయ్యి సగం ఎత్తి, ఆ చేత్తోనే తల గోక్కుని దించేశాడు. పాఠమంతా అదే వరస. ఆవిడే అడిగింది, ఆవిడే చెప్పింది, ముఖ్యమైనవి రెండోసారి కూడా చెప్పింది. ప్రయోగం సరిగ్గానే జరిగింది, మంచు కరగాల్సిన పలక మీదే కరిగింది. అప్పటికే సంగతి తెలిసిపోయిన పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

మాకు పాఠం చెప్పడం నేర్పే మేడమ్ చేతిలో ఎప్పుడూ ల్యాబు స్టాప్‌వాచీ ఉంటుంది. ఆ రోజు వెనక బెంచీలో పరీక్షకుడి పక్కన కూర్చుంది. బయటికొచ్చాక వరండాలో అంది, "మీరు ప్రశ్న అడిగి పిల్లలకి ఎంత టైమిస్తున్నారో చూద్దామనుకున్నానమ్మా. నేను బటన్ నొక్కేలోపే మీ జవాబు అయిపోయింది. అడిగేదీ మీరే చెప్పేదీ మీరే అయితే, మధ్యలో పిల్లలెందుకు చెప్పండి?"

పోయింది. ఒక అవకాశం పోయింది. అనౌన్సరక్క తలూపి, థాంక్సండీ అని, పలకలు సంచిలో పెట్టుకుంది.

ఆ సాయంత్రం కాలేజీ ల్యాబులో పలకలు కడిగి తుడుస్తూ నాకు చెప్పింది. "మైకు దగ్గర ఖాళీ రాకూడదు తమ్ముడూ. మాట మధ్యలో కాస్త ఆగానంటే చాలు, స్టేషన్ మేనేజరు తలుపు తోసుకొచ్చి 'మైకు పోయిందా?' అని కేకేసేవాడు. చప్పుడు ఆగిందంటే ఏదో చెడిపోయినట్టే లెక్క. క్లాసులో అందరూ ఊరుకుంటే నాకు గుండె దడదడలాడిపోతుంది. ఏదో పాడైంది, వెంటనే మాట్లాడెయ్యాలి అనిపిస్తుంది."

"ఇంటి దగ్గర ప్రాక్టీసు చెయ్యక్కా. ప్రశ్న అడుగు, ఆగు. అంతే కదా!"

"రోజూ చేస్తూనే ఉన్నాను. ఇంట్లో జవాబు చెప్పేవాళ్ళు లేరు కదా. ఎంతసేపు ఆగితే చాలో ఎలా తెలుస్తుంది?"

నిజంగా తెలియకే అడిగింది ఆ మాట, జాలి పడమని కాదు.  ఆదివారం నేనొచ్చి పిల్లాడిలా కూర్చుంటానని మాటిచ్చాను.

ఆవిడది మేడమీద గది. ఒక మంచం, ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక బీరువా. బీరువా తలుపుకి నల్లరంగు పూసి బోర్డు చేసుకుంది. ఒక కుర్చీ చేతులు రంగుపోయి అరిగిపోయాయి. రెండో కుర్చీ మీద ఇస్త్రీ బట్టల దొంతర ఉంటే, నేనొచ్చానని దాన్ని తీసి మంచం మీద పెట్టింది. ఆ కుర్చీ కొన్నప్పటి మెరుపు పోలేదు. కూర్చోడానికి నాకే మొహమాటమేసింది.

ఇంకా మొదలుపెట్టకముందే ఫోను మోగింది. తమ్ముడు. ఆదివారం ఆ వేళకి చేస్తాడట.

"ఏరా, తిన్నావా? ఈపాటికి తినే ఉంటావులే. పిల్లలు బాగున్నారా? బాగుండే ఉంటారు, ఆదివారం కదా, ఆటల్లో ఉంటారు. మరదలెలా ఉంది? పనిలో ఉందేమోలే, పిలవకు. సరే మరి, నీకూ పనులుంటాయి, పెట్టేస్తున్నా."

అటువైపు మనిషికి ఊఁ కొట్టే సందైనా దొరికిందో లేదో. "దీనికి తమ్ముడెందుకక్కా, ఇక్కడ కూడా రికార్డింగు పెట్టేస్తే పోయె!" అన్నాను. నవ్వుతుందనుకున్నాను.

"వాడు పెద్దగా మాట్లాడడు. చిన్నప్పట్నుంచీ అంతే" అని ఫోను బల్ల మీద బోర్లించింది.

నేను మెరిసే కుర్చీలో పిల్లాడిలా చేతులు కట్టుకుని కూర్చున్నాను. నా మొదటి ఉపాయం నీళ్ళు. ప్రశ్న అడగ్గానే గుక్కెడు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఇంక మాటెలా వస్తుంది? ఆవిడ బుద్ధిగా సరేనంది. "ఏ పలక మీద మంచు ముందు కరుగుతుంది?" అని నీళ్ళు పోసుకుంది. ఒక్క క్షణం ఉగ్గబట్టుకుంది. "స్టీ..." అంది. నీళ్ళన్నీ నా చొక్కా మీద. ఇద్దరం కడుపుబ్బా నవ్వాం. మా నవ్వులకి పక్కగదిలో ఉండే ఆవిడ తలుపు తీసుకుని వచ్చి తొంగిచూసింది. ఈ గదిలోంచి నవ్వులు రావడం ఆవిడకి వింతగా ఉన్నట్టుంది.

చొక్కా ఆరేదాకా ఆలోచించి రెండో ఉపాయం చెప్పాను. "నువ్వు అడిగేటప్పుడు ఎటు చూస్తున్నావో తెలుసా? గోడకేసి. మైకు గదిలో ఎదురుగా ఏముండేది?"

"గోడే."

"అదీ సంగతి. ఇక్కడ నేనున్నాను. అడిగాక నా ముఖం చూస్తూ ఉండు. నేను ఆలోచిస్తుంటే నీకు కనపడుతుంది. కనపడినంతసేపూ ఏదీ చెడిపోలేదని లెక్క."

అడిగింది. నా ముఖంలోకి చూసింది. నేను కావాలనే జవాబు చెప్పలేదు, నాకది ఎంత కష్టమో నన్నెరిగినవాళ్ళకి తెలుసు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆవిడ రెండు చేతులూ బల్ల అంచుని గట్టిగా పట్టుకున్నాయి. చూస్తుండగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"భయంగా ఉంది తమ్ముడూ, ఎవరూ మాట్లాడకపోతే."

"రోజూ ఈ గది ఇంత నిశ్శబ్దంగానే ఉంటుంది కదక్కా" అన్నాను. బుద్ధితక్కువ మాట, నోరు జారింది.

"అదీ భయమే. అందుకేగా మాట్లాడుకుంటూ ఉంటాను" అంది.

తర్వాత చాలా ఆదివారాలు వెళ్ళాను. వెళ్ళినప్పుడల్లా రెండో కుర్చీ ఖాళీగా ఉండేది, ఇస్త్రీ బట్టల చోటు మంచానికి మారిపోయింది. ఆవిడ ఆగడం నేర్చుకుంటోంది గానీ, నేర్చుకున్నది నా ముందు. నలభైమంది పిల్లల ముందు ఆగగలదా అన్నది నాకూ తెలీదు, ఆవిడకీ తెలీదు.

రెండో పాఠం రోజు సామాను అందించడానికి తోటి ట్రైనీ ఒకరు ఉండొచ్చన్నారు. నేనెళ్ళాను. బడి ఎదుట కూల్‌డ్రింకు షాపులో మంచు కొని ఫ్లాస్కులో పోసి, ఫ్లాస్కు గుండెలకి అదుముకుని తెచ్చాను. మేడమ్ వెనక బెంచీలో స్టాప్‌వాచీతో కూర్చుంది. పక్కన పరీక్షకుడు, మూత తీసిన పెన్నుతో. అనౌన్సరక్క ముఖంలో నెత్తురుచుక్క లేదు. పలకలు రెండూ బల్ల మీద పెట్టి, పిల్లలందరిచేతా ముట్టించింది. స్టీలు చల్లగా ఉందన్నారు, చెక్క వెచ్చగా ఉందన్నారు. అంతవరకూ బాగానే ఉంది.

"ఇప్పుడు రెండింటి మీదా మంచు పెడతాను. ఏ పలక మీద మంచు ముందు కరుగుతుంది?"

అని ఆగింది.

ఎవరూ నోరు విప్పలేదు. పిల్లలకి అలవాటు లేదేమో, ఎవరైనా చెప్పేస్తారని చూస్తున్నారు. ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. పరీక్షకుడు పెన్ను మీదనుంచి తలెత్తాడు. నాకు నాలుక దురద పుట్టింది, పళ్ళు బిగించి ఫ్లాస్కు మూత తిప్పుతూ నిలబడ్డాను. అయిపోయింది, ఇప్పుడు చెప్పేస్తుంది, ఇంక చెప్పేస్తుంది అనుకుంటున్నాను. ఆవిడ సుద్దముక్కని పిడికిట్లో బిగించి, ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ పోతోంది. తొందరపడటం లేదు. ఏ ముఖాన్నీ వదలడం లేదు.

వెనక వరసలో ఒకమ్మాయి లేచింది. "చెక్క మీద మేడమ్."

ఆవిడ అవుననలేదు, కాదనలేదు. "ఎందుకనుకున్నావ్?" అని మళ్ళీ ఆగింది.

ఆ అమ్మాయి వేలితో బెంచీ గీకుతూ ఆలోచించింది. "చెక్క వెచ్చగా ఉంది కదా మేడమ్. స్టీలు మీద మంచు అలాగే ఉంటుంది, అది చల్లగా ఉందిగా."

"కాదు మేడమ్, మా ఇంట్లో స్టీలు గ్లాసులో వేస్తే ఐసు వెంటనే నీళ్ళైపోతుంది" అన్నాడు ఇంకొకడు. "అది నీళ్ళుంటే రా!" అంది ఇంకొకత్తె. క్లాసు రెండు జట్లుగా చీలి కొట్టుకున్నంత పని చేసింది. అప్పుడు ఆవిడ మంచు పెట్టమని నాకు సైగ చేసింది. పిల్లలు బెంచీలు దాటుకుని బల్ల చుట్టూ మూగారు. స్టీలు మీది ముక్క చూస్తుండగానే నీరుగారిపోతుంటే, చెక్క జట్టు వాళ్ళు పలకలు మార్చమని గొడవపెట్టారు. సంచిలోంచి ఇంకో జత పలకలు తీసింది. వాటి మీద మంచు పెట్టకముందే థర్మామీటర్లు పెట్టి, రెండూ ఒకే వేడిలో ఉన్నాయని వాళ్ళచేతే చూపించింది. చివర్లో కారణం చెప్పింది. ఒక్కసారే చెప్పింది.

వరండాలో మేడమ్ స్టాప్‌వాచీ చూపించింది, అది ఇంకా తిరుగుతూనే ఉంది. "ఈసారి బటన్ నొక్కాను గానీ ఆపడం మర్చిపోయానమ్మా. ఏ పిల్ల ఏం చెబుతుందా అని నేనూ చూస్తూ ఉండిపోయాను. పాసయ్యారు. లైసెన్సు వచ్చేస్తుంది మీకు."

నేను ఎగిరి గంతేశాను. ఆవిడ మెట్ల పక్కన బెంచీ మీద కూలబడింది. ఈ మాట చెప్పుకోవడానికి ఎవరున్నారా అని వెతుక్కుంటున్నట్టు కాసేపు చేతులవైపు చూసుకుని, ఫోను తీసింది. ఆ రోజు ఆదివారం కాదు.

"ఒరేయ్, పాసయ్యానురా... ఆఁ, ఇందాకే... నువ్వెలా ఉన్నావ్?"

మామూలుగా అయితే 'బాగానే ఉంటావులే' అన్నది ఆ వెంటనే రావాలి. రాలేదు. ఆవిడ ఆగింది. ఎదురుగా చూడ్డానికి ఏ ముఖమూ లేదు, సున్నం రాలుతున్న గోడ ఉంది. అయినా ఆగింది. ఎంతసేపటికీ అటునుంచి చప్పుడు లేకపోతే, లైను కట్టయిందేమో చూడక్కా అని నేను సైగ చేశాను. చెయ్యెత్తి నన్ను ఆపింది.

తర్వాత అటునుంచి సన్నగా ఏదో వినిపించింది.

"ఊఁ" అంది. చాలాసేపు విని, "ఎప్పట్నుంచి?" అంది. మళ్ళీ విని, "చెప్పరా, వింటున్నాను" అంది. అంతకుమించి ఒక్క మాట లేదు ఆవిడవైపు నుంచి.

ఫోను పెట్టేశాక నావైపు చూడకుండానే చెప్పింది. "వాడొక్కడే ఉంటున్నాడట తమ్ముడూ. పోయిన వానాకాలం నుంచి. ఇద్దరికీ పడక, మరదలు పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయిందట. వండుకోవడం రాక ఏదో ఒకటి తిని పడుకుంటున్నాడట."

నాకు కోపమొచ్చింది. "మరి ఇన్నాళ్ళూ నీకొక్క మాట చెప్పలేదేం?"

"నేను చెప్పనిస్తేగా?" అంది. "ప్రతి ఆదివారం పిల్లలు బాగున్నారా అని అడిగాను. బాగుండే ఉంటారని నేనే అనేశాను. వాడు ఊఁ అన్నాడు."

ఏడ్చింది. అంతా సర్దుకుంటుందిలే అక్కా అనబోయి, నా జన్మలో మొదటిసారి, నోరు మూసుకుని కూర్చున్నాను.

ఆ సాయంత్రమే తమ్ముడి ఊరికి బయలుదేరింది. ఆ ఊరి బస్సు బస్‌స్టేషన్లో తప్ప ఇంకెక్కడా ఆగదు. ఈసారి వెనకవీధి మాటే లేదు. నేను సంచి మోసుకుంటూ వెంట వెళ్ళాను. పైన ఆవిడ గొంతు ఆ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో చెప్పి, మళ్ళీ ఇంకోసారి చెప్పింది. చెవులు మూసుకోకుండా, ప్రయాణికులందరిలాగే తలెత్తి విని, ఆవిడ అటు నడిచింది.

కిటికీ పక్క సీటు దొరికింది. కూర్చోగానే మళ్ళీ ఫోను చెవికి ఆనించుకుంది. నేను కింద నిలబడి అద్దంలోంచి చూస్తున్నాను. డ్రైవరు వచ్చాడు, బస్సు కదిలింది. గేటు దాటి వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ పెదాలు కదలలేదు.